రహస్య కీని పంచుకోవడమా, పంచిపెట్టడమా?

తెలుగులో ‘పంచుకోవడం’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒక లడ్డూను నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి పావువంతే దక్కుతుంది. ఒక శుభవార్తను నలుగురు పంచుకుంటే ప్రతి ఒక్కరికీ వార్త మొత్తం దక్కుతుంది. ఇంగ్లీషులోని ‘షేర్’ అనే మాట తీరూ ఇంతే. రోజువారీ సంభాషణలో దీనివల్ల చిక్కేమీ రాదు. కాని క్వాంటం గుప్తలిపి శాస్త్రం గురించి రాసేటప్పుడు ఈ ఒక్క మాట నాలుగు వేర్వేరు సంగతులను ఒకే మూటలో కట్టేస్తోంది. నలుగురు వినియోగదారులు ఒక రహస్య కీని క్వాంటం పద్ధతిలో పంచుకున్నారని మీరు ఎక్కడైనా చదివారనుకోండి. ఆ నలుగురి దగ్గరా ఒకే కీ ఉందా? తలా ఒక ముక్క ఉందా? ప్రతి ఇద్దరికీ ఒక్కో కీ విడిగా ఉందా? లేక నలుగురూ కలిసి కీని తయారుచేసుకున్నారా? వాక్యం చూసి చెప్పలేం.

ఈ నాలుగింటిలో దేనికి ఎంత భద్రత ఉందో, ఎవరిని నమ్మితే ఆ భద్రత నిలుస్తుందో వేర్వేరుగా ఉంటుంది. ఆ తేడా చెప్పకుండానే మన వార్తాకథనాలు, పరిచయ వ్యాసాలు అన్నింటి మీదా ‘ఎవరూ ఛేదించలేనిది’ అనే ఒకే ముద్ర కొడుతున్నాయి. ఈ విమర్శ ఆ ముద్ర గురించే.

ముందుగా ఇద్దరి సంగతి చూద్దాం. ఎందుకంటే ఇద్దరి మధ్య ఈ పద్ధతి నిజంగానే చాలా గొప్పది. దాని పుట్టుకలో మన దేశానికీ కొంచెం భాగం ఉంది. అమెరికాకు చెందిన చార్లెస్ బెనెట్, కెనడాకు చెందిన గిల్ బ్రసార్డ్ తమ పద్ధతిని 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో సమర్పించారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు, ఆ సంవత్సరం కలిపి దాన్ని ‘బీబీ84’ అంటారు. ఇంగ్లీషు గ్రంథాలన్నిటిలో రహస్యం పంపేది ఆలిస్, అందుకునేది బాబ్. మనం అనసూయ, బాబూరావు అందాం.

అనసూయ ఒక్కొక్క ఫోటాన్‌నే బాబూరావుకు పంపుతుంది. సున్నా, ఒకటి అనే అంకెలను ఫోటాన్ ధ్రువణం ద్వారా తెలుపుతుంది. ఇందుకు రెండు రకాల అమరికలున్నాయి: నిలువు–అడ్డం ఒకటి, ఏటవాలు మరొకటి. ఏ ఫోటాన్‌కు ఏ అమరిక వాడాలో ఆమె బొమ్మాబొరుసూ వేసినట్టు ఎంచుకుంటుంది. బాబూరావు కూడా అలాగే ఎంచుకుని కొలుస్తాడు. తరువాత ఇద్దరూ ఫోనులోనే, ఎవరు విన్నా ఫర్వాలేదన్నట్టు, తాము వాడిన అమరికలను మాత్రం చెప్పుకుంటారు. అమరికలు కలిసిన చోట్ల అంకెలు కూడా కలుస్తాయి. వాటిని ఉంచుకుని మిగతావి పారేస్తారు. ఆ మిగిలిన అంకెల వరుసే కీ, అంటే తాళంచెవి.

మధ్యలో గూఢచారి ఒకడు ప్రతి ఫోటాన్‌నూ పట్టుకుని, కొలిచి, అలాంటిదే ఇంకొకటి పంపాడనుకుందాం. సగంసార్లు అతని అమరిక తప్పు అవుతుంది. తప్పినప్పుడు బాబూరావుకు చేరే అంకె సగంసార్లు మారిపోతుంది. కనుక కీలో నూటికి 25 తప్పులు కనిపిస్తాయి. కీలోంచి కొన్ని అంకెలు తీసి పోల్చి చూసుకుంటే దొంగ దొరికిపోతాడు. తప్పులు నూటికి 11 లోపు ఉన్నంతవరకు, దొంగకు తెలిసిన భాగాన్ని గణితంతో పిండివేసి మిగతాదాన్ని సురక్షితంగా వాడుకోవచ్చని రుజువు చేశారు కూడా. ఇక్కడ భద్రత ఏ లెక్క కష్టమైనదనే ఊహ మీదా ఆధారపడలేదు. తెలియని ఫోటాన్‌కు నకలు తీయలేమన్న ప్రకృతి నియమం మీద ఆధారపడింది. ఆ నియమాన్ని 1982లో వూటర్స్, జూరెక్ ఒకవైపు, డీక్స్ మరొకవైపు నిరూపించారు.

మన దేశంలో జరిగిన ప్రయోగాలను ఈ వెలుగులో చూడాలి. 2020 డిసెంబరులో రక్షణ పరిశోధన సంస్థ హైదరాబాదులోని తన రెండు ప్రయోగశాలలైన డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐల మధ్య క్వాంటం కీ పంపకాన్ని చేసి చూపింది. బెంగళూరు, ముంబయిలలోని ప్రయోగశాలలు యంత్రాన్ని తయారుచేశాయి. 12 కిలోమీటర్ల దూరం, 10 డెసిబెల్ నష్టం. అంటే పంపిన ప్రతి పది ఫోటాన్లలో ఒక్కటే చేరినా పని జరిగింది. 2022 ఫిబ్రవరిలో అదే సంస్థ, ఢిల్లీ ఐఐటీ కలిసి ఉత్తరప్రదేశ్‌లోని ప్రయాగ్‌రాజ్, వింధ్యాచల్ మధ్య 100 కిలోమీటర్లకు పైగా, నేలలో అప్పటికే వేసి ఉన్న మామూలు ఆప్టికల్ ఫైబర్ మీదనే ఇది సాధించాయి. 2023 మార్చిలో కొత్త ఢిల్లీలోని సంచార్ భవన్‌కూ, సీజీఓ కాంప్లెక్సులోని జాతీయ సమాచార కేంద్రానికీ మధ్య ఒక లింకు పనిచేస్తున్నదని కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రకటించారు.

ఇవి మెచ్చుకోదగినవే. ముఖ్యంగా ప్రయాగ్‌రాజ్ ప్రయోగం. ప్రయోగశాలలో చుట్టచుట్టి పెట్టిన ఫైబర్ వేరు, ఎండకూ వానకూ రైళ్ల అదురుకూ లోనయ్యే ఫైబర్ వేరు. కాని మూడూ ఇద్దరి కథలే. ఒక కొస, ఇంకో కొస, మధ్యలో తీగ. వీటిని ‘క్వాంటం నెట్‌వర్క్’ అని రాసిన చోటల్లా పాఠకుడు మూడో మనిషిని ఊహించుకుంటాడు, అక్కడ లేని మనిషిని.

ఢిల్లీ ప్రకటనతోపాటు వచ్చిన ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ వ్యవస్థను ఛేదించినవారికి ఒక్కో ఛేదనకు పది లక్షల రూపాయల బహుమతి ఇస్తామన్నారు. సవాలు విసరడం మంచిదే. కాని దీన్ని భద్రతకు పరీక్ష అనుకోకండి. క్వాంటం కీ వ్యవస్థలను ఇంతవరకు దెబ్బతీసినవారు కంప్యూటరు ముందు కూర్చుని దెబ్బతీయలేదు. 2010లో నార్వే, జర్మనీల పరిశోధకులు మార్కెట్లో దొరికే రెండు యంత్రాల డిటెక్టర్లలోకి ప్రకాశవంతమైన కాంతిని పంపి వాటి కళ్లు బైర్లు కమ్మేలా చేశారు. ఆపైన ఆ డిటెక్టర్లు తాము చెప్పినప్పుడే టిక్కుమనేలా చేసి, ఏ అలారమూ మోగకుండా కీ మొత్తం తెలుసుకోవచ్చని చూపారు. ఫోటాన్ నియమం చెక్కుచెదరలేదు, దాన్ని కొలిచే పెట్టె మోసపోయింది. ఇలాంటి పని చేయాలంటే ఫైబర్ చేతికందాలి, లేజర్లుండాలి, ఆ పెట్టెలాంటిదే ఇంకొకటి విప్పి చూడటానికి దొరకాలి.

ఇప్పుడు మూడో మనిషిని పిలుద్దాం. ఈ వ్యాసం రాస్తున్న ఘాజియాబాద్‌ను, చుట్టుపక్కల నోయిడా, ఫరీదాబాద్, గురుగ్రామ్, మధ్యలో ఢిల్లీని తీసుకోండి. మొత్తం ఐదు చోట్లు. ప్రతి జంటకూ ఒక కీ కావాలంటే ఐదును నాలుగుతో గుణించి రెండుతో భాగించాలి: పది కీలు. ఎనిమిది చోట్లయితే 28. వందయితే 4,950. వెయ్యయితే 4,99,500. బీబీ84ను ఉన్నదున్నట్టు వాడితే ప్రతి జంటకూ ఒక ఫైబర్, రెండు కొసల్లో రెండు యంత్రాలు. ఏ ఖజానా కూడా దీన్ని భరించలేదు.

రెండో అడ్డంకి దూరం. మంచి ఫైబర్‌లో ప్రతి 50 కిలోమీటర్లకూ పదోవంతు కాంతే మిగులుతుంది. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు కనీసం 1,200 కిలోమీటర్ల ఫైబర్ పడుతుంది. అంటే 24 సార్లు పదోవంతు. ఒకటి పక్కన 24 సున్నాలున్నంత సంఖ్యలో ఫోటాన్లు పంపితే ఒక్కటి చేరుతుంది. సెకనుకు వంద కోట్ల ఫోటాన్లు పంపినా మొదటిది చేరేసరికి మూడు కోట్ల ఏళ్లు దాటుతాయి. మామూలు టెలిఫోను సంకేతాన్ని దారిలో పెంచినట్టు దీన్ని పెంచలేం. పెంచడమంటే నకలు తీయడమే, నకలు తీయలేకపోవడమే కదా మన భద్రతకు ఆధారం! గూఢచారికి వేసిన సంకెల మనకూ పడింది.

ఈ రెండు అడ్డంకులకూ ప్రపంచమంతా ఎక్కువగా వాడిన ఉపాయం ఒక్కటే: మధ్యలో కూడలి పెట్టడం. అది పనిచేసే తీరు చూడండి. అనసూయకూ కూడలికీ మధ్య క్వాంటం పద్ధతిలో 1011 అనే కీ ఏర్పడింది. కూడలికీ బాబూరావుకూ మధ్య 0110 ఏర్పడింది. కూడలి ఈ రెంటినీ అంకెకు అంకె పోల్చి, ఒకేలా ఉంటే 0, వేరైతే 1 అని రాస్తుంది: 1101. దీన్ని బాహాటంగా ప్రకటిస్తుంది. బాబూరావు తన 0110ను దానితో పోల్చి అదే పని చేస్తే అతనికి 1011 వస్తుంది. అనసూయ కీ అతనికి చేరింది. బయట నిలబడి విన్నవాడికి 1101 తప్ప ఏమీ తెలియదు.

లోపల కూర్చున్నవాడికో? అంతా తెలుసు. కూడలి గదిలో రెండు కీలూ మామూలు అంకెలుగా, మామూలు కంప్యూటరు స్మృతిలో ఉంటాయి. అక్కడ క్వాంటం భౌతికశాస్త్రం చేయగలిగింది ఏమీ లేదు. గది తలుపు, కాపలాదారు, ఉద్యోగి నిజాయితీ, ఇవే రక్ష. 2017లో ప్రారంభమైన చైనా వారి బీజింగ్–షాంఘై లైను సుమారు 2,000 కిలోమీటర్లు. అందులో ఇలాంటి కూడళ్లు 32. 2008లో వియన్నాలో చేసి చూపిన ఆరు కూడళ్ల నెట్‌వర్కు కూడా ఈ సూత్రం మీదే నడిచింది.

వీటిని ఇంగ్లీషులో ‘ట్రస్టెడ్ నోడ్’ అంటారు. మన అనువాదాల్లో ఇది ‘విశ్వసనీయ కూడలి’ అయి కూర్చుంది. అనువాదం చేసేవాణ్ణి కనుక ఈ మాట నన్ను బాధిస్తుంది. విశ్వసనీయం అంటే నమ్మదగినది. ఇంగ్లీషు మాట ఉద్దేశం అది కాదు. నమ్మక తప్పనిది అని దాని ఉద్దేశం. దాన్ని నమ్మకపోతే పథకమంతా కూలుతుంది కనుక నమ్మాలి, అంతేగాని అది నమ్మకాన్ని సంపాదించుకుందని కాదు. ఒక ప్రత్యయంతో లోపమంతా సద్గుణమైపోయింది. ‘నమ్మక తప్పని కూడలి’ అని రాసి చూడండి, చదివేవాడికి వెంటనే ప్రశ్న పుడుతుంది.

ఇక లడ్డూ అర్థానికి వద్దాం. బ్యాంకు ఖజానా తాళం ఒక్కరి చేతిలో పెట్టకుండా ఇద్దరు అధికారులు కలిస్తేనే తెరుచుకునేలా చేస్తారు కదా. 1979లో ఆడి షమీర్, జార్జ్ బ్లేక్లీ విడివిడిగా దీనికి గణితరూపం ఇచ్చారు. సులువైన ఉదాహరణ: రహస్యం 7. చలపతికి యాదృచ్ఛికంగా 4, దమయంతికి 3 ఇస్తాం. కూడి పదులు తీసేస్తే 7. ఒక్కరి అంకె చూస్తే రహస్యం ఏదైనా కావచ్చు. దీని క్వాంటం రూపాన్ని 1999లో హిల్లరీ, బుజెక్, బెర్థియోమ్ ప్రతిపాదించారు. ఒకదానితో ఒకటి ముడిపడిన మూడు ఫోటాన్లను ముగ్గురికి పంచితే, ఇద్దరు తమ ఫలితాలు కలుపుకుంటేనే మూడోవారి ఫలితం తెలుస్తుంది.

ఇక్కడ ముఖ్యమైన మలుపు గమనించండి. బీబీ84లో దొంగ బయటివాడు. ఇక్కడ దొంగ చలపతే కావచ్చు! లోపలివారిని పూర్తిగా నమ్మలేకే కదా తాళం ముక్కలు చేశాం. 1999 పథకం మీద 2007లో చైనా పరిశోధకులు ప్రచురించిన విశ్లేషణ ఈ చోటనే దెబ్బకొట్టింది. పాల్గొనేవారిలో ఒకరు మోసగాడైతే, తప్పుల శాతం పెరగకుండానే మొత్తం రహస్యం ఒంటరిగా తెలుసుకునే దారి ఉందని చూపింది. బయటి దొంగను పట్టే పరీక్ష లోపలి దొంగను పట్టలేదు. అతను ఆ పరీక్షలో తానే ఒక సాక్షి మరి.

వార్త అర్థం, అంటే అందరి దగ్గరా ఒకే కీ ఉండటం, దీనికి పూర్తిగా భిన్నం. నలుగురు కలిసి ఒక రహస్య సమావేశం జరుపుకోవాలి, అందరికీ ఒకే కీ కావాలి. ముడిపడిన నాలుగు ఫోటాన్లను నలుగురూ ఒకే అమరికలో కొలిస్తే నలుగురికీ ఒకే అంకె వస్తుంది. 2021లో ఎడిన్‌బరోలోని హెరియట్–వాట్ విశ్వవిద్యాలయ బృందం 50 కిలోమీటర్ల దాకా ఫైబర్‌తో దీన్ని చేసి చూపింది. అందమైన ప్రయోగం. జంటల కీలతో ఈ పని చేయాలంటే మూడు కీలు ఖర్చవుతాయి, ఇక్కడ ఒక్కసారే. కాని నష్టం లెక్క కూడా పక్కనే వేసుకోవాలి. ఒక్కో ఫోటాన్ చేరే అవకాశం పదిలో ఒకటయితే, నాలుగూ ఒకేసారి చేరే అవకాశం పదివేలలో ఒకటి. మనుషులు పెరిగేకొద్దీ లాభం కూడికలా, నష్టం గుణకారంలా పెరుగుతాయి.

నాలుగో అర్థం మీద ఇక్కడికి దగ్గరలోనే పని జరిగింది. ఘాజియాబాద్ ఇందిరాపురం నుంచి హైవే దాటితే నోయిడా సెక్టార్ 62. అక్కడి జేపీ సమాచార సాంకేతిక సంస్థలో అనిర్బన్ పాఠక్ బృందం ‘కీ ఒడంబడిక’ అనే అంశం మీద 2014లో ఒక పరిశోధన పత్రం ప్రచురించింది. ఒడంబడికలో కీని ఏ ఒక్కరూ నిర్ణయించకూడదు. ప్రతి ఒక్కరి వాటా సమానంగా ఉండాలి. అంతకుముందు వచ్చిన పథకాల్లో సంక్లిష్టమైన ముడి స్థితులు కావలసివస్తే, జంట ఫోటాన్లతోనే పని జరుగుతుందని వీరు చూపారు. తేలికగా తయారయ్యే వస్తువులతో పథకం రాయడం ఈ రంగంలో అరుదైన సుగుణం.

ఈ మాట ఎందుకంటున్నానంటే, బహుజన పథకాల మీద వచ్చే పత్రాల్లో చాలావాటి కథ ఒకే మూసలో నడుస్తుంది. ఒక బృందం పదిమందికి సరిపోయే పథకం కాగితం మీద రాస్తుంది. రెండేళ్లకు ఇంకో బృందం అందులో రంధ్రం చూపిస్తుంది. మూడో బృందం దాన్ని పూడుస్తుంది. ఫోటాన్లు చేతులు మారుతూ వలయంలా తిరిగే ఒడంబడిక పథకాలు చాలావాటిలో సరైన స్థానాల్లో ఉన్న ఇద్దరు కుమ్మక్కైతే కీని తామే నిర్ణయించేయవచ్చని 2016లో తేలింది. ఇది గుప్తలిపి శాస్త్రం పెరిగే పద్ధతే, తప్పుపట్టను. తప్పల్లా, ఆ మొదటి పత్రాన్ని చూసి ‘పదిమందికి భంగంలేని భద్రత’ అని పరిచయ వ్యాసాలు రాసేయడంలో ఉంది. ఈ రంగం మీద ప్రాజెక్టు చేయాలనుకునే ఎమ్మెస్సీ, ఇంజనీరింగ్ విద్యార్థులు పథకం చదివిన వెంటనే దాని మీద వచ్చిన దాడి పత్రాలను కూడా వెతికి చదవాలి. చాలాసార్లు దాడి పత్రంలోనే భౌతికశాస్త్రం ఎక్కువ దొరుకుతుంది.

మరి కూడలిని నమ్మకుండా ఎక్కువమందిని కలపలేమా? నగరం స్థాయిలో కలపవచ్చు. 2020 సెప్టెంబరులో బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన సిద్ధార్థ్ కోడూరు జోషి మొదటి రచయితగా వెలువడిన పత్రం ఎనిమిదిమంది వినియోగదారులను, వారిలోని మొత్తం 28 జంటలనూ ఒకేసారి కలిపి చూపింది. మధ్యలో ఒకే ఒక కాంతి జనకం ముడిపడిన జంట ఫోటాన్లను పుట్టిస్తుంది. వాటిని రంగుల వారీగా, అంటే తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి, ఏ ఇద్దరిని తీసుకున్నా వారి మధ్య ఒక జంట పంపకమయ్యేలా ఫైబర్లలోకి పంపుతారు. ప్రతి వినియోగదారుకూ ఒకే గ్రాహక యంత్రం చాలు. అన్నింటికంటే ముఖ్యం, మధ్యలో ఉన్న జనకాన్ని నమ్మనక్కరలేదు. అది శత్రువు చేతిలో ఉన్నా, ఆ మోసం వినియోగదారుల కొలతల్లో తప్పులుగా బయటపడుతుంది.

మధ్య కూడలిని నమ్మనక్కరలేని ఇంకో దారిలో దూరం కూడా పెరిగింది. ‘జంట క్షేత్రం’ అనే పద్ధతితో చైనా పరిశోధకులు 2023లో 1,002 కిలోమీటర్ల ఫైబర్ దాటారు. కాని వేగం సెకనుకు 0.0034 అంకెలు. అంటే ఒక్క అంకెకు సుమారు ఐదు నిమిషాలు, 256 అంకెల కీకి దాదాపు 21 గంటలు. రికార్డుగా అద్భుతం, వాడకానికి ఇంకా దూరం.

మన జాతీయ క్వాంటం మిషన్‌ను కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ. 6,003.65 కోట్లతో ఆమోదించింది. దాని లక్ష్యాల్లో నగరాల మధ్య 2,000 కిలోమీటర్ల కీ పంపకం ఒకటి. క్వాంటం స్మృతులతో కూడిన బహుకూడళ్ల నెట్‌వర్కు ఇంకొకటి. పత్రికలు మొదటిదాన్నే పెద్ద అక్షరాల్లో వేశాయి. నా దృష్టిలో రెండోదే అసలైన శాస్త్రం. మొదటిది ఈనాటి పరికరాలతో సాధించాలంటే నమ్మక తప్పని కూడళ్ల వరుస వేయడమే దగ్గరి దారి. వేయవచ్చు, తప్పులేదు. కాని అప్పుడు ప్రకటనలో కిలోమీటర్లతోపాటు కూడళ్ల సంఖ్య కూడా రాయాలి. ఒక్కో కూడలి ఎవరి అధీనంలో ఉందో రాయాలి.

ఈలోగా ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతాన్నే తీసుకుంటే, జనకాన్ని ఢిల్లీ మధ్యలో పెట్టినప్పుడు ఘాజియాబాద్ అయినా గురుగ్రామ్ అయినా ముప్ఫై, నలభై కిలోమీటర్ల ఫైబర్‌లో అందుతాయి. బ్రిస్టల్ తరహా అల్లికకు ఇది చాలావరకు సరిపోయే కొలత. 2025 జూన్‌లో ఢిల్లీ ఐఐటీ ఆవరణలో భాస్కర్ కన్సేరీ బృందం ఫైబర్ లేకుండా, గాలిలోనే కిలోమీటరుకు పైగా ముడి ఫోటాన్లతో కీ పంపి చూపింది. సెకనుకు సుమారు 240 అంకెలు, తప్పులు నూటికి ఏడు లోపు. ముడి ఫోటాన్ల నైపుణ్యం మన చేతిలో ఉందన్నమాట. ప్రయాగ్‌రాజ్ కంటే ఈ కిలోమీటరు దూరమే మూడో మనిషికి దగ్గర.

ఒక్క లెక్క మిగిలింది, ఇది పరిచయ వ్యాసాల్లో దాదాపు ఎప్పుడూ కనిపించదు. అనసూయ ఫోనులో అమరికలు చెప్పేటప్పుడు అవతలివాడు బాబూరావేనని ఎలా తెలుసు? గొంతు మార్చిన గూఢచారి ఇద్దరితోనూ విడివిడిగా బీబీ84 ఆడవచ్చు. అది కనిపెట్టాలంటే ఇద్దరి దగ్గరా ముందే ఒక చిన్న రహస్యం ఉండాలి. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేయకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. కనుక మన ఐదు చోట్లకూ మళ్లీ అదే పది జంటలు, పది తొలి రహస్యాలు. క్వాంటం యంత్రం వాటిని లక్షల అంకెలకు పెంచుతుంది, సున్నా నుంచి పుట్టించదు. ఆ తొలి కీని ఎవరో ఒకరు జేబులో పెట్టుకుని ఘాజియాబాద్ నుంచి గురుగ్రామ్‌కు మోసుకెళ్లాలి, లేదా 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ప్రకటించిన కొత్తరకం గణిత సంతకాలను నమ్ముకోవాలి.